కర్తరి ఎండల్లో సైకిల్‌పై ఆఫీసుకు: మానేయాలా, వేళ మార్చుకోవాలా?

ప్రశ్న: నా వయసు 43. మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర ఒక పల్లె. తొమ్మిదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాను. సైదాపేటలో కాపురం, పెరుంగుడిలో ఉద్యోగం. జనవరి నుంచి సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్లి వస్తున్నాను. ఒక్కో వైపు 10 కిలోమీటర్లు, అరగంటలో చేరుకుంటున్నాను. ఒళ్లు తేలికపడింది, నిద్ర బాగా పడుతోంది. అయితే ఏప్రిల్ మొదలైనప్పటి నుంచి ఆఫీసు చేరేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేటట్లు తడిసిపోతోంది. అక్కడ స్నానానికి వసతి లేదు. పోయిన వారం సాయంత్రం ఇంటికి వస్తుండగా మధ్యకైలాసం దాటాక కళ్లు తిరిగినట్లై కాసేపు ఆగిపోయాను. మార్చిలో రక్తపోటు ఉందని చెప్పి డాక్టరు గారు రోజూ ఉదయం వేసుకునే మాత్ర ఒకటి మొదలుపెట్టారు. కళ్లు తిరిగిన సంగతి తెలిసినప్పటి నుంచి మా అమ్మ, నా భార్య ఇద్దరూ సైకిల్ మానేయమంటున్నారు. కర్తరి వెళ్లేదాకా మానేయాలా? రోజూ ఓఆర్‌ఎస్ తాగుతూ కొనసాగించవచ్చా?
(ఒక పాఠకుడు, సైదాపేట)

సమాధానం: మీరు ఉత్తరం చివర రాసిన రక్తపోటు మాత్ర గురించి నేను మొదట మాట్లాడాలి. రక్తపోటుకు ఇచ్చే మందుల్లో కొన్ని మూత్రం ద్వారా ఒంట్లోని నీటిని, ఉప్పును బయటికి పంపే రకం. మరికొన్ని గుండె వేగాన్ని అదుపులో ఉంచే రకం. మొదటి రకం వేసుకున్నవారికి చెమట రూపంలో పోయే నీటికి మాత్ర వల్ల పోయే నీరు కూడా తోడవుతుంది. రెండో రకం వేసుకున్నవారికి ఎండలో చర్మం వైపు రక్తాన్ని తగినంతగా తోలి ఒంటి వేడిని వదిలించుకునే శక్తి కొంత తగ్గుతుంది. మీరు వేసుకునేది ఏ రకమో ఉత్తరంలో లేదు, ఉన్నా దాని గురించి నిర్ణయం చెప్పవలసినది మీ డాక్టరు గారే. ఆ మాత్రను ఎట్టి పరిస్థితిలోనూ మీ అంతట మీరు మానకండి. మాత్రల అట్టను జేబులో పెట్టుకుని ఈ వారంలోనే వెళ్లి, రోజూ ఎండలో 20 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతున్నాననీ, ఫలానా సాయంత్రం కళ్లు తిరిగాయనీ, నిలబడి ఉండగానా సైకిల్ మీద ఉండగానా అన్నది కూడా వివరంగా చెప్పండి. మందు మొదలుపెట్టిన రోజున మీ సైకిల్ ప్రయాణం సంగతి ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు. ఆయన సరేనన్న తరువాతనే కింద రాసినవన్నీ మీకు వర్తిస్తాయి, అప్పటి వరకు బస్సులో వెళ్లి రండి.

ఆయన సరేనన్నారనుకుందాం. అప్పుడు నా సమాధానం ఇది: మానవలసిన అవసరం లేదు, కానీ ఇప్పుడు తొక్కుతున్నట్లుగా తొక్కకూడదు. వేళ మార్చాలి, అంతకంటే ముఖ్యంగా వేగం తగ్గించాలి.

చెన్నై ఎండ మన పల్నాటి ఎండ లాంటిది కాదు. రెంటచింతలలో 45 డిగ్రీల ఎండలో చెమట పట్టినట్లే తెలియదు, పట్టింది పట్టినట్లే ఆరిపోతుంది. చెన్నైలో 36 డిగ్రీలకే చెమట కణతల మీదుగా, మోచేతుల మీదుగా కారి కిందపడుతుంది. సముద్రం పక్కనే ఉన్న ఊరు కావడంతో గాలి నిండా తేమ ఉంటుంది, తడిసిన గాలిలోకి చెమట ఆవిరి కావడానికి చోటు తక్కువ. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే అది ఒంట్లోంచి దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు చెమట ఆవిరి కాకుండా చొక్కాలో ఇంకి, అంచుల నుంచి బొట్లు బొట్లుగా రాలిపోతే ఆ మేరకు ఒంటికి చల్లదనం దక్కదు, నీళ్లు మాత్రం పోతాయి. మీ చొక్కా పిండితే కారే నీళ్లు అటువంటివే. కాబట్టి మీరు చూడవలసినది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, మీ చెమట ఆరుతున్నదా కారుతున్నదా అన్నది. మీరు పుట్టి పెరిగిన కావలి కూడా సముద్రానికి దగ్గరే కనుక ఉక్కపోత అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. అయితే అక్కడ ఉక్కపోత వేళల్లో మన పెద్దలు అరుగు మీద విసనకర్రతో కూర్చునేవారే తప్ప అరగంటలో పది కిలోమీటర్లు వెళ్లేవారు కాదు.

అరగంటలో చేరుకుంటున్నానని మీరు కొంచెం సంతోషంతోనే రాశారు. ఆ సంతోషాన్ని కాదనను కానీ, మీ కష్టానికి మూలం అక్కడే ఉంది. మనం పెడలు మీద పెట్టే శక్తికి కనీసం మూడింతలు కండరాల్లో వేడిగా మారుతుంది. ఆ వేడినంతా చెమట రూపంలో వదిలించుకోవాలి. సైకిల్ మీద గాలిని తోసుకుంటూ ముందుకు పోవడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే ఆ శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మామూలు సైకిల్ మీద నిటారుగా కూర్చుని తొక్కే మనిషి గంటకు 20 కిలోమీటర్ల నుంచి 15 కిలోమీటర్లకు తగ్గితే, టైర్ల రాపిడిని కూడా కలుపుకుని లెక్క వేసినా, శ్రమ దాదాపు సగానికి పడిపోతుంది. శ్రమ సగమైతే ఒంట్లో పుట్టే వేడీ సగమవుతుంది. మీ పది కిలోమీటర్లకు అందువల్ల పెరిగే సమయం పది నిమిషాలు, అరగంటకు బదులు నలభై నిమిషాలు. ఈ పది నిమిషాలను మీరు ఎండకు ఇచ్చే సుంకం అనుకోండి. పక్కన ఎవరైనా ఉంటే ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా, నోరు తెరవకుండా ముక్కుతోనే ఊపిరి తీసుకోగలిగినంత నెమ్మదిగా తొక్కాలి. గేర్లున్న సైకిలైతే తేలిక గేరులో పెట్టుకోండి. మరైమలై అడిగళ్ వంతెన ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేచి తొక్కే అలవాటుంటే ఈ రెండు నెలలు దాన్ని వదిలేయండి. మీ వెనుక బయలుదేరిన మరో సైకిల్ మిమ్మల్ని దాటిపోతే పోనివ్వండి.

వేగం గురించి ఇంతగా చెప్పడానికి నా సొంత కారణం ఒకటి ఉంది. నేను ఒంగోలు నుంచి ఈ ఊరు వచ్చిన కొత్తలో కోడంబాక్కంలో గది తీసుకుని అంబత్తూరు పారిశ్రామిక వాడలో పని చేసేవాడిని, రోజూ సైకిలే. 2003 మే చివరి వారం అది. ఆ నెల 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది, చెన్నైలో అంతకు మించిన ఎండ ఇప్పటికీ నమోదు కాలేదు. దానికి రెండు మూడు రోజుల ముందు మధ్యాహ్నం షిఫ్టు ముగిసి రెండు గంటలకు బయలుదేరాను. త్వరగా నీడకు చేరాలన్న ఆత్రంతో బలంగా తొక్కాను. తిరుమంగళం దగ్గరకు వచ్చేసరికి మండుటెండలో ముంజేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, వెన్నులో చలి వేసింది. అంతటి వేడిలో చలి ఎందుకు వేస్తోందో ఆలోచించే స్థితి కూడా లేదు. రోడ్డు పక్క వేపచెట్టు కింద కొబ్బరిబొండాలు అమ్ముతున్న పెద్దాయన నా నడక చూసి, ‘ఉక్కారుంగ, ఉక్కారుంగ’ అంటూ చేయి పట్టి కూర్చోబెట్టి, బొండాల మీద చల్లడానికి పెట్టుకున్న బకెట్టు నీళ్లు నా తల మీద, మెడ మీద కుమ్మరించాడు. ఆ తరువాత తన తువ్వాలుతో చాలాసేపు విసిరాడు. తాగడానికి బొండం ఇచ్చింది నేను నా పేరు సరిగ్గా చెప్పిన తరువాతనే. ఆయన చేసిన పని క్రమం అక్షరాలా సరైనదని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ముందు చల్లబరచాలి, స్పృహ సరిగ్గా ఉందని తేలాకే నోట్లో ఏదైనా పోయాలి. ఎండలో తొందరగా ఇల్లు చేరాలన్న ఆత్రమే ఆ రోజు నన్ను దెబ్బతీసింది. నెమ్మదిగా వచ్చి ఉంటే, లేదా సాయంత్రం దాకా ఆగి ఉంటే ఆ స్థితి వచ్చేది కాదు.

ఇక వేళ సంగతి. పంచాంగం ప్రకారం సూర్యుడు భరణి మూడో పాదంలో ప్రవేశించినప్పటి నుంచి రోహిణి మొదటి పాదం దాటేదాకా కర్తరి, అంటే మే 4 ప్రాంతం నుంచి 28, 29 దాకా. ఇక్కడివారు అగ్ని నక్షత్రం అనీ కత్తిరి వెయిల్ అనీ పిలిచేదీ అదే. నిజానికి ఏప్రిల్ 24, 25 తేదీల్లోనే మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా చెన్నై నడినెత్తిన నిలుస్తాడు, నిలువుగా నాటిన కర్రకు నీడ పడదు. అయితే మీకు అక్కరకు వచ్చేది ఉదయపు వేళ. మే నెలలో ఆరు కాకముందే తెల్లవారుతుంది. మీరు ఆరున్నరకు సైదాపేటలో బయలుదేరగలిగితే ఏడుంపావుకు పెరుంగుడిలో ఉంటారు. ఎనిమిదిన్నర తరువాత బయలుదేరడానికీ దీనికీ పోలికే లేదు. ఉదయం గాలిలో తేమ ఎక్కువే కానీ ఎండ పక్కవాటుగా పడుతుంది, రోడ్డు ఇంకా కాగి ఉండదు. మీ పై అధికారితో మాట్లాడి ఈ రెండు నెలలు ముందుగా వచ్చి ముందుగా వెళ్లే ఏర్పాటు అడగకండి. ముందుగా రావడం వరకు మంచిదే, ముందుగా వెళ్లడమే ప్రమాదం. నాలుగున్నరకు పెరుంగుడి నుంచి బయలుదేరడం కంటే ఆరున్నరకు బయలుదేరడం ఎంతో మేలు.

మీ దారికి ఒక అదృష్టం ఉంది, దాన్ని మీరు గమనించారో లేదో తెలియదు. మధ్యకైలాసం నుంచి పెరుంగుడి దాకా రాజీవ్ గాంధీ సాలై ఇంచుమించు ఉత్తర దక్షిణంగా సాగుతుంది. మన దేశంలో బండ్లు ఎడమవైపున నడుస్తాయి. ఉదయం మీరు దక్షిణానికి వెళ్తున్నప్పుడు రోడ్డు తూర్పు అంచున ఉంటారు, సూర్యుడూ తూర్పునే ఉంటాడు కనుక ఆ వైపు కట్టడాల నీడ, చెట్ల నీడ మీ మీదే పడుతుంది. సాయంత్రం ఉత్తరానికి తిరిగి వచ్చేటప్పుడు పడమటి అంచున ఉంటారు, అప్పుడు పడమటి కట్టడాల నీడ మీ మీద పడుతుంది. పెరుంగుడికి దక్షిణాన షోళింగనల్లూరులో ఉండి ఉదయం ఉత్తరానికి వచ్చేవారికి ఇదంతా తలకిందులు, రెండు పూటలా ఎండ వారి మీదే. ఇల్లు మారబోతూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లాలని ఆలోచించేవారు ఈ సంగతి కూడా చూసుకోవడం మంచిదని నేను అడిగిన వారందరికీ చెబుతుంటాను. అయితే ఆ రోడ్డు మీద మెట్రో పనుల కోసం కంచెలు వేసిన చోట్ల నీడ కోసమని ఇరుకులో బస్సు పక్కకు వెళ్లకండి. నీడ కంటే చోటు ముఖ్యం.

మధ్యకైలాసం నుంచి గిండీ వైపు సాగే సర్దార్ పటేల్ రోడ్డు సంగతి వేరు. గిండీ వనం, ఐఐటీ ప్రహరీ వెంట ఉన్న చెట్ల వల్ల మీ దారిలో అన్నిటికంటే చల్లని భాగం అదే. 2016 డిసెంబరులో వర్దా తుపాను నగరంలో వేలాది చెట్లను కూల్చిన తరువాత కూడా ఆ రోడ్డుకు కొంత నీడ మిగిలింది. సాయంత్రం మీరు దాని మీద పడమరకు వెళ్తారు. ఆరు లోపు అయితే ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. రెండో చిక్కు గాలి. మధ్యాహ్నం తరువాత చెన్నైలో సముద్రపు గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వీస్తుంది. మీరు ఇంటికి వెళ్లేది కూడా ఆ గాలి సాగే వైపుకే, అంటే పడమరకే కావడంతో అది మీ వీపు వెనుక నుంచి వస్తుంది. గాలి వేగమూ మీ వేగమూ ఇంచుమించు ఒక్కటైతే మీ ఒంటికి గాలి తగలనే తగలదు. చెట్ల ఆకులు కదులుతుంటాయి, మీ చెమట మాత్రం ఆరదు. మీకు కళ్లు తిరిగినది సాయంత్రం కావడం, అదీ మధ్యకైలాసం మలుపు దాటి పడమరకు తిరిగాక కావడం నాకు వింతగా అనిపించలేదు. రోజంతా ఏసీలో కూర్చుని దాహం తెలియక నీళ్లు తక్కువ తాగి ఉంటారు, ఉదయం వేసుకున్న మాత్ర ఒంట్లో ఉంది, పగలంతా కాగిన తారురోడ్డు కింద నుంచి వేడి వదులుతోంది, పైగా వెనుకగాలి. ఆ రోజు మీరు అరగంటలో ఇల్లు చేరాలన్న పట్టుదలతో తొక్కుతుండి ఉంటే కళ్లు తిరగకపోతేనే ఆశ్చర్యం. వెనుకగాలి ఉన్న సాయంత్రాల్లో మధ్యకైలాసం దాటాక ఒకసారి చెట్టు కింద దిగి, సగం సీసా నీళ్లు తాగి, తడి చేతిరుమాలుతో మెడ తుడుచుకుని ఐదు నిమిషాలు నిలబడండి.

ఓఆర్‌ఎస్ గురించి సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను: రోజూ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన 20.5 గ్రాముల పొట్లాన్ని ఒక లీటరు నీళ్లలో కలపాలి, అందులో ఉప్పే 2.6 గ్రాములు. ఒక మనిషి రోజు మొత్తానికి 5 గ్రాములకు తక్కువ ఉప్పు తినాలని అదే సంస్థ చెబుతోంది. ఆవకాయ, పప్పు, సాంబారు, ఇడ్లీ చట్నీల ద్వారా వచ్చే ఉప్పుకు తోడు రోజూ లీటరు ఓఆర్‌ఎస్ అంటే, రక్తపోటు ఉన్న మనిషికి ఒక చేత్తో మాత్ర ఇచ్చి మరో చేత్తో దాని పని చెడగొట్టినట్లవుతుంది. నలభై నిమిషాల ప్రయాణానికి నీళ్లు చాలు. విరేచనాలో వాంతులో అయినప్పుడు, నీరసం ముంచుకొచ్చినప్పుడు వాడటానికి ఒక పొట్లం సంచిలో ఉంచుకోండి. వాడవలసి వస్తే పొట్లమంతా ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, చిటికెడు చిటికెడుగా గ్లాసులో వేసుకోకూడదు. కొన్నేళ్లుగా అట్ట డబ్బాల్లో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడైన తీపి పానీయాలు అసలు ఓఆర్‌ఎస్ కావు. వాటి మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తరువాత, ఆ పేరు వాటి మీద వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కొనేటప్పుడు అట్ట మీద సూత్రం చదివి కొనండి.

నీళ్లు ఎంత తాగాలో చెప్పడానికి అందరికీ ఒకే లెక్క లేదు. ఒక ఆదివారం ఉదయం మీరే తేల్చుకోవచ్చు. బయలుదేరే ముందు ఒకసారి, తిరిగి వచ్చి చెమట తుడుచుకుని ఒకసారి తక్కువ బట్టలతో బరువు తూచుకోండి. అరకిలో తగ్గితే అర లీటరు పోయినట్లు, దారిలో తాగినది దానికి కలుపుకోండి. మీ ఒంటి లెక్క మీకు తెలిసిపోతుంది. ఉదయం లేచాక బయలుదేరేలోపు రెండు గ్లాసులు, ఆఫీసు చేరాక కొద్దికొద్దిగా రెండు గ్లాసులు, సాయంత్రం బయలుదేరడానికి గంట ముందు మళ్లీ రెండు గ్లాసులు అన్నది మీలాంటివారికి మొదలుపెట్టడానికి సరిపోతుంది. సాయంత్రపు రెండు గ్లాసులే అందరూ మరిచిపోయేవి. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే చాలు, ముదురు పసుపైతే తక్కువ తాగుతున్నట్లు. ఒకేసారి లీటర్ల కొద్దీ తాగడం కూడా మంచిది కాదు. ఇంట్లో అమ్మగారు ఉన్నారు కనుక పలుచని మజ్జిగ, అల్లం కరివేపాకు దంచి ఉప్పు పేరుకు మాత్రం వేసినది, ఇంటికి వెళ్లగానే ఒక చెంబుడు తాగండి. రాత్రి నానబెట్టిన రాగి అంబలి ఉదయానికి ఇంకా మంచిది, ఇక్కడి వీధుల్లో కూళ్ పేరుతో అమ్మేది దానికి తోబుట్టువే. కడుపు నిండా ఇడ్లీలు తిని వెంటనే సైకిల్ ఎక్కడం కంటే ఒక గ్లాసు అంబలి తాగి బయలుదేరి, ఆఫీసులో టిఫిన్ చేయడం నాకు ఎన్నో ఏళ్లుగా సరిపడింది.

స్నానం గురించి బెంగపడకండి. తాజా చెమటకు వాసన ఉండదు. చర్మం మీద, పాత బట్టల మీద ఉన్న సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టినప్పుడే వాసన వస్తుంది. బయలుదేరే ముందే ఇంట్లో శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకుని వెళితే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం వేగం తగ్గిస్తే తీరుతుంది. చివరి కిలోమీటరు మరీ నెమ్మదిగా వెళ్లండి. ఆఫీసు చేరగానే ఏసీ గదిలోకి పరుగెత్తవద్దు, అలాగని వెంటనే చొక్కా మార్చుకోవద్దు కూడా. తొక్కడం ఆపిన తరువాత పది పదిహేను నిమిషాల వరకు ఒంట్లో మిగిలిన వేడికి చెమట కారుతూనే ఉంటుంది. అప్పుడే మార్చిన చొక్కా మళ్లీ తడిసిపోతుంది, చాలామంది చేసే పొరపాటు ఇది. సెక్యూరిటీ గది దగ్గరో మెట్ల దగ్గరో ఫ్యాను గాలికి కూర్చుని నీళ్లు తాగండి. చెమట ఆగాక బాత్రూములో చిన్న తువ్వాలు తడిపి మెడ, చంకలు, వీపు, మోకాళ్ల వెనుక తుడుచుకుని, పొడి తువ్వాలుతో ఒత్తుకుని, అప్పుడు ఆఫీసు చొక్కా వేసుకోండి. సోమవారం బస్సులో వెళ్లి వారానికి సరిపడా ఇస్త్రీ చొక్కాలు అక్కడ పెట్టుకునేవారు కూడా ఉన్నారు. తడిసిన బట్టలను ప్లాస్టిక్ సంచిలో కట్టేయకుండా గాలి తగిలేచోట ఆరేయండి, లేకపోతే సాయంత్రానికి వాటిని మళ్లీ తొడుక్కోలేరు. తొక్కేటప్పుడు వదులుగా, పలుచగా ఉండి త్వరగా ఆరే లేత రంగు చొక్కా మంచిది. మందపాటి నూలు బనియను నీళ్లు పట్టుకుని ఒంటికి అంటుకుపోతుంది, చెమటకాయలూ తొడల మధ్య ఒరుపూ దానితోనే మొదలవుతాయి.

మీరు వీపుకు తగిలించుకునే బ్యాగు వాడుతున్నట్లైతే ఈ రోజే మానేయండి. ఒంటి చెమట ఆరడానికి ఉన్న అతి పెద్ద చోటు వీపే, దాన్ని దుప్పటి కప్పినట్లు మూసేస్తున్నారు. వెనుక క్యారియర్ బిగించుకుని ల్యాప్‌టాప్‌ను దాని మీద రబ్బరు తాడుతో కట్టండి, లేదా క్యారియర్‌కు పక్కన వేలాడే సంచి కొనుక్కోండి. ఈ ఒక్క మార్పుతో చొక్కా వెనుక భాగం పొడిగా ఉండటం మొదటి రోజే గమనిస్తారు. గాలి రంధ్రాలు బాగా ఉన్న హెల్మెట్ తీసుకోండి, ఉక్క అని దాన్ని తీసి హ్యాండిల్‌కు తగిలించుకోకండి. సైకిల్‌కు ఎండాకాలం చేయవలసింది ఎక్కువ లేదు. ఎండలో నిలిపితే ట్యూబుకు వేసిన పాత ప్యాచీల అతుకు ఊడిపోవచ్చు కనుక నీడలో పెట్టండి, వారానికోసారి గాలి కొట్టించండి. గాలి తక్కువైన టైరు మిమ్మల్ని లేనిపోని శ్రమ పెడుతుంది.

జనవరి నుంచి తొక్కుతున్నారు కనుక మీ ఒళ్లు ఎండకు కొంత అలవాటు పడి ఉంటుంది. అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అప్పుడు చెమట ముందుగా పడుతుంది, దానితో పోయే ఉప్పు తగ్గుతుంది. అయితే ఆ అలవాటు నిలిచిపోయేది కాదు. సెలవులకు కావలి వెళ్లి రెండు వారాలు ఏసీ గదిలోనో పందిరి కిందనో గడిపి వచ్చారంటే చాలావరకు పోతుంది. ఊరి నుంచి వచ్చిన మర్నాడే పాత లెక్కన తొక్కకండి, మొదటి వారం ఉదయం ఒక్క పూటే వెళ్లండి. డాక్టరు గారిని కలిసి వచ్చాక ఇప్పుడు కూడా అలాగే మొదలుపెట్టండి.

అమ్మగారికీ మీ భార్యకూ మీరు ఇవ్వవలసినది వాదన కాదు, ఒక మాట. ఉష్ణోగ్రత నుంగంబాక్కం, మీనంబాక్కం రెండు చోట్లా నమోదవుతుంది, నీడలో కొలిచిన లెక్క అది. ముందు రోజు ఆ రెండింటిలో ఏ ఒక్క చోటైనా 40 దాటితే మర్నాడు సైకిల్ తీయనని చెప్పండి. పడమటి వేడిగాలి మధ్యాహ్నం రెండు దాటినా ఆగకుండా, సముద్రపు గాలి రాకుండా ఉన్న రోజు సాయంత్రం బస్సులోనే వస్తానని చెప్పండి. జ్వరం, విరేచనాలు, నిద్రలేని రాత్రి, వీటిలో ఏది ఉన్నా సరే వెళ్లనని చెప్పండి. పెరుంగుడి నుంచి బయలుదేరేటప్పుడు ఫోను చేసి, యాభై నిమిషాల్లో ఇంటి దగ్గర ఉంటానని చెప్పి రండి. అమ్మగారు జేబులో ఉల్లిపాయ పెట్టి పంపితే కాదనకండి, ఆమె మనసుకు ధైర్యం. వడదెబ్బను అది ఆపలేదని మాత్రం మీకు తెలిసి ఉండాలి.

దారిలో తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం, ఎండలో చలి వేసినట్లు ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకోకుండా అక్కడికక్కడే దిగి నీడలో కూర్చోండి, తల మీద నీళ్లు పోసుకోండి, ఆ రోజుకు ఇక తొక్కకండి. మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం, పడిపోవడం వడదెబ్బ లక్షణాలు. చెమట పడుతోంది కనుక వడదెబ్బ కాదనుకోవడం పొరపాటు, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండవచ్చు. ఈ సంగతి మీకంటే మీ పక్కవారికి తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ స్థితిలో మీకు మీరు సాయం చేసుకోలేరు. ఆఫీసులో ఒకరిద్దరికి, ఇంట్లో వారికి చెప్పి ఉంచండి: వెంటనే బట్టలు వదులు చేసి నీళ్లతో ఒళ్లంతా తడిపి గట్టిగా విసరాలి, 108కి ఫోను చేయాలి, బండి వచ్చేదాకా తడపడం ఆపకూడదు, స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

చివరగా ఒక చిన్న ఏర్పాటు. ఉదయం సైకిల్ మీద వెళ్లిన రోజున సాయంత్రం కూడా సైకిల్ మీదే రావాలన్న నియమం ఏదీ లేదు. ఒంట్లో బాగా లేకపోయినా సైకిల్‌ను వదిలి రాలేక తొక్కుకుంటూ వచ్చినవారిని నేను చాలామందిని చూశాను, కళ్లు తిరిగిన రోజు మీరూ అలాగే వచ్చి ఉంటారు. మంచి తాళం రెండోది ఒకటి కొని ఆఫీసు బల్ల సొరుగులో పెట్టుకోండి, రాత్రి సైకిల్ అక్కడే ఉంటే ఫరవాలేదా అని సెక్యూరిటీ వారిని ముందే అడిగి ఉంచండి. అలాంటి సాయంత్రం చక్రానికి ఆ తాళం వేసి బస్సెక్కండి.